ప్రతి కాపురానికీ ఒక జింక కావాలి

పెళ్లయిన ప్రతి జంటకూ జీవితంలో ఒక్కసారైనా ఒక జింక కావాలి. తోటలో పెట్టుకునే సిమెంటు జింక కాదు. నవంబరు చీకట్లో, మలుపు దగ్గర, పొదల్లోంచి ఒక్క గెంతు గెంతి మీ కారు బానెట్ మీదికి వచ్చి పడే అసలు సిసలైన జింక!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఈ వారపత్రికలో ఇన్నేళ్లుగా గుమ్మడికాయల గురించీ, చర్చి పైకప్పు కారడం గురించీ రాసిన నేను ఈ వారం మానవజాతికి పనికొచ్చే సంగతి రాద్దామని కూర్చున్నాను.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో జింకని గుద్దనివాళ్లు రెండే రకాలు. ఇంకా లైసెన్సు రాని పిల్లలు, సమాధుల్లో పడుకున్న పెద్దలు. తక్కినవాళ్లమంతా గుద్దినవాళ్లమే, కాకపోతే వచ్చే వారం గుద్దబోయేవాళ్లం. మా లిటిల్ టామరాక్ ఊళ్లో ఎవరైనా "నాకు ఈ ఏడాది ఇంకా కాలేదు" అంటే, ఏమిటి కాలేదని ఎవరూ అడగరు. జాగ్రత్త అని మాత్రం అంటారు.

తెలియనివాళ్లు దీన్ని ప్రమాదం అంటారు. ప్రమాదమా! జింకలే లేకపోతే గస్ ఏమైపోయేవాడో ఆలోచించారా? గస్ అంటే మా ఊళ్లో సొట్టలు తీసే షాపు యజమాని. అతని ముగ్గురు కూతుళ్లూ జింకల పుణ్యాన కాలేజీ చదువులు చదివారు. పెద్దమ్మాయి పట్టా పుచ్చుకున్న రోజున గస్ కళ్లు తుడుచుకుంటూ "ఇదంతా ఆ మూగజీవాల చలవ" అన్నాడు. మేమందరం తలలు వంచుకుని ఒక నిమిషం నిలబడ్డాం.

మా పాస్టరు సంగతి చూడండి. మిల్వాకీ నుంచి వచ్చిన కొత్తలో ఆయనతో ఎవరూ వాతావరణం దాటి మాట్లాడేవారు కాదు. మంచివాడే, ప్రసంగాలూ బాగానే చెప్పేవాడు. కానీ ఆయన కారు అద్దంలా నున్నగా ఉండేది. ఒంటి మీద సొట్ట లేని కారుని నడిపే మనిషికి మన కష్టసుఖాలు ఎలా చెప్పుకుంటాం? ఒక బుధవారం ఆయన ఒక ఆడజింకని గుద్దాడు. ఆ ఆదివారం చర్చిలో కూర్చోవడానికి చోటు లేదు! మగాళ్లు ఆయన వీపు మీద చరిచారు, ఆడవాళ్లు ఆపిల్ కేకులు చేసి తెచ్చారు, అప్పటిదాకా నోరు విప్పని ముసలాయన ఒకడు గబగబా తన పాపాలన్నీ చెప్పేసుకున్నాడు.

ఇక బంపర్‌కి అతికించుకునే ఈలలు! కారు పోతుంటే గాలికి అవి మోగుతాయి, ఆ శబ్దానికి జింకలు పారిపోతాయి అని డబ్బా మీద రాసి ఉంటుంది. మా అనుభవం వేరు. ఈల వినబడగానే జింక ఆగుతుంది, చెవులు నిక్కిస్తుంది, ఎవరో పిలుస్తున్నారే అని మర్యాదగా రోడ్డెక్కి వచ్చి నిలబడుతుంది. పిలిస్తే పలికే ప్రాణి ఇంకొకటి మా ఇళ్లలో ఉందా?

ఉందో లేదో మా ఇంటి సంగతి చెబుతాను, మీరే తేల్చండి.

మా ఆయన పేరు హార్లన్. బంగారంలాంటి మనిషి. కట్టెలు కొడతాడు, వాకిట్లో మంచు ఊడుస్తాడు, పొరుగింటి వితంతువు వాకిట్లో మంచు కూడా ఊడుస్తాడు. మాటలు మాత్రం తక్కువ. ఒక ఏడాది చలికాలమంతా "ఊఁ" అనే ఒక్క అక్షరంతో గడిపేశాడు. కానీ జింకల సంగతి ఎత్తండి, అదే మనిషి నోటికి మూత ఉండదు!

మా ఇంటి వెనక అడవిలో హార్లన్ చెట్లకు కెమెరాలు కట్టాడు. అటుగా ఏది నడిచినా అవి ఫోటో తీసి అతని ఫోన్‌కి పంపిస్తాయి. ఈ వేసవిలో వాటికి ఒక పెద్ద మగజింక చిక్కింది. పది మొనల కొమ్ములు, ఎడమ కంటి మీద తెల్లటి మచ్చ. హార్లన్ దానికి 'జడ్జిగారు' అని పేరు పెట్టాడు. ఎందుకంటే అది తనకి తోచినప్పుడు వచ్చేది, చుట్టూ ఒకసారి గంభీరంగా చూసేది, ఏ సంగతీ తేల్చకుండా వెళ్లిపోయేది.

ఆ వేసవంతా మా భోజనాల బల్ల దగ్గర జడ్జిగారే. జడ్జిగారు ఇవాళ ఆపిల్ తిన్నారు. జడ్జిగారి మెడ కాస్త లావెక్కింది. జడ్జిగారు నిన్న సరిగ్గా నిద్రపోయినట్టు లేరు. ఆ రోజుల్లోనే నేను నడుం దాకా ఉన్న జుట్టు చెవుల దాకా కత్తిరించుకున్నాను. హార్లన్ వారం రోజులు అనుమానంగా చూసి, "గదిలో ఏదో మారింది, దీపం అటు జరిపావా?" అని అడిగాడు. గమనించాడు, చూశారా!

మా దగ్గర తుపాకుల వేట సీజన్ నవంబరులో ఒక శనివారం పొద్దున మొదలవుతుంది. ఆ పొద్దున జడ్జిగారు చెట్టు మీద కట్టుకున్న తన మంచె కిందికి వచ్చి తీరతారని హార్లన్ నమ్మకం. కోటు ఉతికి ఆరేశాడు. తుపాకీ తుడిచాడు. గోడ మీద మా పెళ్లి ఫోటో పక్కకు జరిపి, కొమ్ములకి చోటు కూడా సిద్ధం చేశాడు.

ఆ శనివారానికి ఇంకా మూడు వారాలుందనగా నేను జడ్జిగారిని కలిశాను.

చర్చిలో పాటల సాధన ముగించుకుని కౌంటీ 'ఎమ్' రోడ్డు మీద ఇంటికి వస్తున్నాను. రాత్రి భోజనాల వేళ, కళ్లు పొడుచుకున్నా కనబడని చీకటి. అది జింకలు ప్రేమలో పడే నెల. ఆ నెలలో మగజింక ముక్కు నేలకి ఆనించి ఆడజింక వాసన వెంట పరిగెడుతుంది. దానికి రోడ్డు కనబడదు, దీపాలు కనబడవు, ముంచుకొస్తున్న కారు కనబడదు. అలాంటివాళ్లు మనుషుల్లోనూ మనకి తెలుసు కదా!

మా పిల్లలకి మాటలు వస్తూనే నేర్పే పాఠం ఒకటుంది. జింక అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పకూడదు. తిప్పితే చెట్టుకి కొడతావు. చెట్టుకి కొడితే తప్పు నీది, జింకకి కొడితే తప్పు జింకది. ఇన్సూరెన్సు వాళ్ల ధర్మశాస్త్రం ఇదే. నేను బుద్ధిమంతురాలిలా స్టీరింగ్ తిప్పలేదు. బ్రేకు మీద లేచి నిలబడ్డాను.

ధడేలుమంది! ఒక దీపం ఆరిపోయింది. బానెట్ గుడారంలా లేచి నిలబడింది. సీటు బెల్టు నన్ను గట్టిగా వెనక్కి లాగింది. ఆ లాగుడుకి నా భుజంలో ఏదో కలుక్కుమంది. అది చిన్న విషయం, వదిలేద్దాం.

ఇంటికి ఫోన్ చేశాను.

"హార్లన్, జింకని గుద్దాను."

"మగదా, ఆడదా?"

"మగదే. పెద్దది."

కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు వినిపించింది. "కదలకు! నేనొచ్చేదాకా దాని పక్కనే ఉండు!"

ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన నా కోసం ఇంత ఆత్రంగా ఎప్పుడైనా బయల్దేరాడా? నాకు ఒళ్లు పులకరించింది. పాత ట్రక్కు రోడ్డు మీద ఎగురుకుంటూ వచ్చింది. హార్లన్ టార్చ్ పట్టుకుని దూకాడు, పరిగెత్తుకుంటూ నా దాకా వచ్చాడు, నన్ను దాటుకుని వెళ్లి గడ్డిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"జడ్జిగారు!" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. మా పెళ్లినాడు ప్రమాణం చేసేటప్పుడు కూడా వినలేదు.

నేను ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

"ఆర్లిస్, ఈ టార్చ్ పట్టుకో."

"ఏ చేత్తో పట్టుకోను?"

"ఏదో ఒక చేత్తో పట్టుకోవే, మచ్చ కనబడట్లేదు!"

పట్టుకున్నాను. కాపురమంటే సర్దుకుపోవడమే కదా.

మా దగ్గరి పద్ధతి ప్రకారం రోడ్డు మీద పడ్డ జింక మీద మొదటి హక్కు బండి నడిపినవాళ్లది. ఫోన్ చేసి అనుమతి తీసుకుంటే మాంసం, కొమ్ములు అన్నీ వాళ్లవే. అనుమతి నా పేరు మీదే వచ్చింది. జడ్జిగారు చట్టప్రకారం నావారయ్యారు. హార్లన్ ఈ తీర్పు విని కొమ్ముల మొనలు ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత, "మనిద్దరిదీ అనుకో" అన్నాడు.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మా ఊరివాళ్ల మంచితనం చూడాలంటే ఇలాంటప్పుడే చూడాలి! బేకింగ్ పళ్లేల నిండా నూడుల్సూ, పుట్టగొడుగుల సూపూ, చీజూ వేసి కాల్చిన వంటకాలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. అందరూ హార్లన్ భుజం మీద చెయ్యి వేశారు. భుజం అన్నాను కదా, హార్లన్ భుజమే. అతని భుజం సలక్షణంగా ఉంది.

"ఒరేయ్ హార్లన్, ఎలా ఉన్నావురా?"

"ఏదో, ఉన్నా."

"ఎండాకాలమంతా సాకినట్టే సాకావు కదరా."

"మనకంతే ప్రాప్తం."

నేను రెండో చేత్తో కాఫీలు పోశాను. మా అత్తగారు ఇర్మా తలగుడ్డ కట్టుకుని వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, ఎవరు బాధలో ఉన్నా ఇట్టే పసిగడుతుంది.

"వాడు రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు ఆర్లిస్. నువ్వు చూడటం లేదా?"

"చూస్తున్నానత్తయ్యా."

"కాస్త నెమ్మదిగా నడపాల్సిందమ్మా. రోడ్డు మీద దృష్టి ఉండాలి. ఇదిగో, ఈ గిన్నె అలమార పై అరలో పెట్టు."

పై అర! నేను గిన్నెని కింద అరలో పెట్టాను. ఇర్మా నా వైపు చూసి, ఈ కాలం కోడళ్లకి బద్ధకం ఎక్కువ అన్నట్టు తల ఊపింది. ఆవిడ ప్రేమ అలాంటిది.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. జింక చేసే మేలు గుద్దడంతో అయిపోదు, అసలు పండగంతా రిపేరులోనే ఉంది!

గస్ షాపు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. అన్నిటి ముక్కులూ ఒకే రకంగా లోపలికి పోయాయి. ఇరుక్కున్న జింక వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. యజమానులందరూ కాఫీ కప్పులు పట్టుకుని ఒకరి సొట్టలు ఒకరు చూసుకుంటూ మెచ్చుకుంటున్నారు. ఇంత స్నేహం మీకు పెళ్లిళ్లలో కూడా కనబడదు.

గస్ వచ్చాడు. చేతులు తుడుచుకుని, తల పక్కకి వంచి, ఎంతో మెల్లగా అడిగాడు. "అయ్యో పాపం. ఎక్కడెక్కడ తగిలాయి దెబ్బలు?"

నా గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్లకి ఒక మనిషి! "అదే గస్, నా భుజం..." అని మొదలుపెట్టేసరికి అతను వంగి నా కారు దీపం గూట్లో చెయ్యి పెట్టి నిమురుతున్నాడు.

"తల్లీ, ఎంత నలిగిపోయావే," అన్నాడు కారుతో. "ఇదిగో ఇక్కడ ఎముక విరిగింది. నడిపితే పక్కకి లాగుతోందా ఆర్లిస్?"

"లాగుతోంది."

"లాగుతుంది మరి. లోపలి దెబ్బలు పైకి కనబడవు. వీటిని అశ్రద్ధ చెయ్యకూడదు." కొత్త భాగాలు రావాలంటే చాలా రోజులు పడుతుందన్నాడు, వేట సీజన్‌లో తెప్పించడం కూడా కష్టమన్నాడు. ఇంత శ్రద్ధగా మాట్లాడే వైద్యుణ్ణి నేను చూడలేదు.

ఈలోపు నడుపుకోవడానికి ప్రథమ చికిత్స చేశారు. గస్, హార్లన్ కలిసి కారు ముక్కుకి గొలుసు తగిలించి, రెండో కొస ఓక్ చెట్టుకి కట్టారు. హార్లన్ కారెక్కి వెనక్కి పోనిచ్చాడు. చెట్టు ఊగింది, కారు మూలిగింది, బంపర్ చప్పున ముందుకొచ్చింది! ఇద్దరూ ఒకర్నొకరు కావలించుకున్నారు. తుక్కు దుకాణం నుంచి ముందు చక్రం పైన ఉండే ఎర్ర రేకు ఒకటి తెచ్చి నా నీలం కారుకి బిగించారు. బానెట్ లేవకుండా ప్లాస్టిక్ తాళ్లతో కట్టారు. పోయిన దీపం చోట మంచు మీద తిరిగే బండి దీపం పెట్టారు. అది రోడ్డు వైపు కాక చెట్ల చిటారు కొమ్మల వైపు చూస్తుంది. నాకిప్పుడు ఈ జిల్లాలో ఉన్న గుడ్లగూబలన్నీ తెలుసు!

ఇంత శ్రమ పడ్డ మగాళ్లకి వేడి నీళ్ల సంచులు కావాల్సి వచ్చాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే. హార్లన్ నడుముకి పెట్టాను. నా సంగతి చిన్న విషయం, వదిలేద్దామని ముందే అనుకున్నాం.

అన్నట్టు, కాపురానికి జింక కావాలని చెప్పాను కదా. హార్లన్ మాటకారి అయ్యాడు! శుక్రవారం సాయంత్రాల్లో ఊరంతా డార్లా బార్‌లో వేయించిన చేపలు తినడానికి చేరుతుంది. పిల్లలూ, ముసలివాళ్లూ, పాస్టరూ అందరూ వస్తారు. హార్లన్ జడ్జిగారి కొమ్ములు చంకన పెట్టుకుని వచ్చి, బ్రాందీ గ్లాసు పక్కన పెట్టి కథ మొదలుపెట్టాడు.

మొదటి శుక్రవారం, "మా ఆవిడ గుద్దింది" అన్నాడు. నిజమే.

గ్లాసు ఖాళీ అయ్యేసరికి, "మేం గుద్దాం" అన్నాడు. భార్యాభర్తలు ఒకటే కదా, దానికేం!

పక్క బల్ల వాళ్లు మళ్లీ చెప్పమన్నారు. ఈసారి అతను కారులో నా పక్కన కూర్చుని, "తిప్పకు ఆర్లిస్, తిప్పకు!" అని అరుస్తున్నాడు. నాకు వెన్నులో వణుకు పుట్టింది. ఆ అరుపు లేకపోతే నేనేమైపోయేదాన్నో!

రెండో శుక్రవారానికి హార్లన్ స్టీరింగ్ దగ్గరికి వచ్చేశాడు. నేను పక్క సీట్లోకి జరిగాను. కాసేపటికి వెనక సీట్లోకి వెళ్లాను. ఆ సాయంత్రం చివరి కథలో నేను కారులోనే లేను, ఇంట్లో పడుకుని ఉన్నాను.

మీరు అడగొచ్చు, నువ్వు నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావమ్మా అని. జింక పోయిందని ఊరు ఏడిచింది. కారు నలిగిందని గస్ ఏడిచాడు. నాకంటూ మిగిలింది ఆ గుద్దడం ఒక్కటే! దాన్ని కూడా మా ఆయన నా కళ్లముందే నెమ్మదిగా లాక్కుంటుంటే నేను చేపముక్క మీద నిమ్మకాయ పిండుకున్నాను. ఒంటి చేత్తో నిమ్మకాయ పిండటం ఎంత కష్టమో మీకు తెలుసా? కోపం వచ్చింది. వచ్చిందనే చెబుతున్నాను.

మూడో శుక్రవారం, అంటే వేట మొదలయ్యే ముందు రోజు. డార్లా బార్ కిటకిటలాడుతోంది. అందరి ఒంటి మీదా, వేటలో ఒకరినొకరు కాల్చుకోకుండా వేసుకునే నారింజ రంగు కోట్లు. గోడ మీద డార్లా ఏటేటా పెట్టే పెద్ద నల్లబల్ల, దాని మీద ఆ ఏడాది పడ్డ గొప్ప కొమ్ములూ, కొట్టినవాళ్ల పేర్లూ రాస్తుంది. అందరికంటే పైన సుద్దముక్కతో 'హార్లన్, పది మొనలు, ఆయుధం: కారు' అని రాసి ఉంది.

హార్లన్ బల్లెక్కినంత పని చేశాడు. "దూరం నుంచే చూశాన్రా దాన్ని. ఆ మచ్చ చూడగానే గుర్తుపట్టా. బ్రేకు వెయ్యలేదు. గురి చూశా! జడ్జిగారూ, ఇవాళ మీరో నేనో అనుకుని, సూటిగా మీదికే పోనిచ్చా!"

బల్లలు దడదడలాడాయి. ఈలలు వేశారు.

పక్క స్టూలు మీద కూర్చున్న వెండెల్ చేపముక్క కింద పెట్టాడు. వెండెల్ మా ఊరి ఇన్సూరెన్సు ఏజెంటు. మృదువుగా మాట్లాడతాడు, అందుకే అతను మాట్లాడితే అందరికీ భయం.

"హార్లన్, ఒక్క నిమిషం. కావాలని గుద్దావా?"

"ఆఁ, కావాలనే!"

"కావాలని గుద్దితే కంపెనీ ఒక్క సెంటు కూడా ఇవ్వదు. రిపేరంతా మీ నెత్తినే పడుతుంది. పైగా క్లెయిము ఆర్లిస్ నడిపినట్టు వచ్చింది. నడిపింది నువ్వైతే అది ఇంకో గొడవ. ఇంతకీ బండి ఎవరు నడిపారు?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. హార్లన్ నీళ్లు నమిలాడు. నీళ్లు కాదు, బ్రాందీ. గస్ వైపు చూశాడు, గస్ చేపముక్కలో ముల్లు వెతుక్కుంటున్నాడు. తల్లి వైపు చూశాడు, ఇర్మా కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

"మరే... అప్పుడు నేను..." అన్నాడు.

"గట్టిగా చెప్పరా, వెనకాల వినబడట్లేదు!" అని ఎవరో అరిచారు.

"ఇంట్లో కుర్చీలో కునుకు తీస్తున్నా. ఆర్లిస్ నడిపింది. జింకని కొట్టింది ఆర్లిసే. నేను లేనక్కడ."

ఆ నవ్వులు కౌంటీ 'ఎమ్' చివరిదాకా వినబడి ఉంటాయి! మగాళ్లు టోపీలతో బల్లలు బాదారు. డార్లా తడిగుడ్డ తెచ్చి హార్లన్ పేరు తుడిచేసింది.

వెండెల్ మాత్రం నవ్వలేదు. తన స్టూలు నా వైపు తిప్పాడు. "ఆర్లిస్, ఇది మేం అందరినీ అడగాల్సిన మాట. ఆ రోజే అడగాల్సింది, సీజన్ హడావుడిలో పడి మర్చిపోయా. నీకేమైనా దెబ్బ తగిలిందా?"

ఎంత ఆశ్చర్యమో చూడండి. జవాబు మూడు వారాలుగా నా నాలుక చివరే ఉంది. అయినా ముందు నిమ్మకాయ ముక్కని పళ్లెం అంచున సర్దాను.

"తగిలింది," అన్నాను. "భుజానికి. చెయ్యి పైకి లేవడం లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఇర్మా నా వైపు వంగింది.

"మరి చెప్పలేదేమే?"

"ఎవరూ అడగలేదత్తయ్యా."

ఇర్మా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నా పళ్లెం తన ముందుకు లాక్కుని, నా చేపముక్కలో ముళ్లు తియ్యడం మొదలుపెట్టింది. చిన్నపిల్లకి తీసినట్టు ఒక్కొక్కటే తీసింది. తల ఎత్తలేదు.

ఇంటికి నేనే నడిపాను. హార్లన్ బ్రాందీలో ఉన్నాడు. మంచు బండి దీపం చెట్ల కొమ్మలు చూపిస్తోంది, మంచి దీపం రోడ్డు చూపిస్తోంది. చాలా దూరం వచ్చాక హార్లన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏ భుజం?"

"ఎడమది."

అతను ముందుకు వంగి, స్టీరింగ్ మీద ఉన్న నా చేతిని చూశాడు. ఒక్క చెయ్యే ఉంది. రెండోది ఒళ్లో ఉంది. మూడు వారాలుగా అక్కడే ఉంది.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం," అన్నాడు.

నేను పెద్దగా నవ్వాను. రేపు వేట మొదటి రోజు! ఆ రోజు మా ఊళ్లో కొట్టు తెరవరు, బ్యాంకులో మనిషి ఉండడు, క్లినిక్ తలుపుకి తాళం. డాక్టరమ్మ సిగ్నే కూడా తెల్లారకుండానే తన మంచె ఎక్కుతుంది. ఆ రోజు ఎవరికి నొప్పులు వచ్చినా ఆవిడ కోసం ఆగాల్సిందే.

"ఆవిడ మంచె ఎక్కడుందో నాకు తెలుసు," అన్నాడు హార్లన్.

అలా మర్నాడు పొద్దున్నే, ఇన్నేళ్లలో మొదటిసారి, మా ఆయన తన మంచె ఎక్కలేదు. నేనూ అతనూ నారింజ కోట్లు వేసుకుని మంచులో నడిచి వెళ్లి డాక్టరమ్మ చెట్టు కింద నిలబడ్డాం. ఆవిడ పై నుంచి కోపంగా చేతులు ఊపింది. పొమ్మంది. హార్లన్ కదలలేదు.

"ముందు మా ఆవిడ భుజం చూడండి," అన్నాడు, గుసగుసగా కాదు, గట్టిగా. ఆ పొద్దున ఆ అడవిలో అంత గట్టిగా మాట్లాడటం ఎంత నేరమో మా వాళ్లకి తెలుసు. దూరంగా ఎక్కడో పొదల్లో ఏదో గెంతి పారిపోయింది. హార్లన్ అటు తల తిప్పలేదు.

డాక్టరమ్మ తుపాకీ పక్కన పెట్టి, తిట్టుకుంటూ దిగింది. నా కోటు విప్పించి, చెయ్యి అటూ ఇటూ తిప్పింది. నేను అరిచాను. లోపల నరమేదో తెగి ఉంటుందని, సోమవారం స్కాన్ తీయిస్తానని చెప్పింది. తర్వాత హార్లన్ వైపు తిరిగింది.

"మూడు వారాలు! ఇంట్లో ఈవిడ చెయ్యి వేలాడుతోంటే నువ్వేం చూస్తున్నావయ్యా?"

హార్లన్ నా కోటు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"జింకని చూస్తున్నా, డాక్టర్," అన్నాడు.

మహాశయులారా, జింక వరమని నేనిప్పటికీ అంటాను. కానీ మొదటి రోజే, ఆ రోడ్డు పక్కనే, హార్లన్ టార్చ్ నా మొహం మీద వేసి 'నీకేమైనా తగిలిందా?' అని ఒక్క మాట అడిగి ఉంటే, మీకు ఈ వరం గురించి ఇంత పొడుగున అబద్ధం రాసే అవసరం నాకు ఉండేది కాదు.